హాలు ఖాళీ లేదని చెప్పాను

టీచర్ గారిని నేనెప్పుడూ పేరుపెట్టి పిలవలేదు. పిలవమని ఆవిడ చాలాసార్లు చెప్పి చూశారు. డెబ్బై దాటిన మనిషిని, అదీ జీవితమంతా స్కూల్లో పిల్లలకు సంగీతం చెప్పిన మనిషిని, ఏదో స్నేహితురాలిని పిలిచినట్టు పేరుపెట్టి పిలవమంటే నాకు నోరెలా వస్తుంది? మొదటి రోజే "టీచర్ గారూ" అన్నాను. అదేమిటని అడిగి, అర్థం తెలుసుకుని, ఆ "గారు"ను తన అర్కన్సా యాసలో సాగదీసి నాలుగుసార్లు పలికి చూసుకున్నారు. ఆ తరువాత నాకు ఫోన్ చేసినప్పుడల్లా "నేను, నీ టీచర్ గారూని" అనేవారు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి. ఇప్పుడు తలచుకుంటే మాత్రం అన్నీ తెలుగులోనే వినిపిస్తాయి. అందుకే తెలుగులోనే రాస్తున్నాను.

మేము అమెరికాలో, అర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్ వచ్చింది మా ఆయన కాంట్రాక్టు ఉద్యోగం కోసం. ఆర్నెల్లన్నారు, ఏడాదన్నారు, పదేళ్లు దాటిపోయింది. నాది డిపెండెంట్ వీసా. హైదరాబాద్‌లో బ్యాంకులో పనిచేసిన దాన్ని, ఇక్కడ ఉద్యోగానికి వీల్లేదు. గిన్నెలు తోముకుని, మధ్యాహ్నం సీరియల్ చూసుకుని, సాయంత్రం ఆయన ఇంటికి వచ్చే వేళకు ఏదో ఒక సాకు దొరకబుచ్చుకుని పోట్లాడేదాన్ని. నేనెందుకు అరుస్తున్నానో పాపం ఆయనకు తెలిసేది కాదు. చాలాసార్లు నాకూ తెలిసేది కాదు. చివరికి ఒకరోజు లైబ్రరీ గోడ మీద అంటించిన కాగితాన్ని ఆయనే ఫోటో తీసుకొచ్చి చూపించారు.

"చర్చిల పాటల కచేరీలట. కుర్చీలు వెయ్యనీకి వాలంటీర్లు కావాల్నట. పోరాదు? ఇంట్ల కూసోని నా మీద పడుడన్న తప్పుతది."

ఆయనది కరీంనగర్, నాది కాకినాడ. ఆయన ఆ యాసలో చురక వేస్తే నాకు కోపం రావాల్సిన చోట నవ్వొస్తుంది. ఏం చేస్తాను, వెళ్లాను.

చర్చి హాలు ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో చూసేదీ, ఆ కచేరీలు నడిపేదీ టీచర్ గారే. ఏడాదికి నాలుగు. పాత రాతి చర్చి, అరవై డెబ్బై మంది వస్తే గొప్ప, వచ్చినవాళ్లలో సగం మంది ఆవిడ దగ్గర చిన్నప్పుడు పాడటం నేర్చుకున్నవాళ్లు. మొదటి ఏడాది కుర్చీలు వేసి కాఫీ పెట్టాను. రెండో ఏడాది పోస్టర్లు అంటించాను. ఆవిడ వేళ్లు కీళ్లవాతంతో వంకర్లు తిరిగి టైపు చేయడం కష్టమయ్యాక, కళాకారులకు ఈమెయిళ్లు రాసే పని, తేదీలు కుదిర్చే పని కూడా నా మీద పడ్డాయి. "బ్యాంకులో పనిచేశావుగా హనీ, నీకు తేదీల పట్టింపు ఉంటుంది" అన్నారు. ఉండేది. ఆవిడ అనుకున్న రకం పట్టింపు కాదు.

సంగీతమంటే ఏదైనా ఇష్టమే ఆవిడకు, కానీ ఒకదాని మీద మాత్రం పిచ్చి. ఏడెనిమిది వందల ఏళ్ల కిందట యూరప్‌లో సన్యాసినులు, ఊరూరా తిరిగే పాటగాళ్లు, కాలినడకన క్షేత్రాలకు పోయే యాత్రికులు పాడుకున్న పాటలు. వాటిని పాత చేతిరాత ప్రతుల్లోంచి వెలికితీసి, అప్పటి వాయిద్యాలను బొమ్మల్లో చూసి మళ్లీ చేయించుకుని, ఒక వ్యాన్‌లో సర్దుకుని దేశమంతా తిరిగి పాడే బృందాలున్నాయి. నాకు ఆ సంగతే తెలియదు. ఒకసారి ఆవిడ తన పికప్ ట్రక్‌లో నాకు వాటి రికార్డు పెట్టారు. కింద ఒకటే స్వరం ఆగకుండా మోగుతోంది, దాని మీద ఒక ఆడగొంతు మెల్లగా తిరుగుతోంది. "అయ్యో, ఇది మా శ్రుతిపెట్టె కదా!" అని అరిచాను. టీచర్ గారు ట్రక్కు రోడ్డు పక్కన ఆపేశారు. "ఏమన్నావు? మళ్లీ చెప్పు" అన్నారు. ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి, నేను చిన్నప్పుడు నేర్చుకుని వదిలేసిన రెండు గీతాలు నా చేత పాడించి, శ్రుతిపెట్టె ముందు చెవి పెట్టుకుని కూర్చున్నారు. మా ఆయన ఇచ్చిన టీ చల్లారి మీగడ కట్టింది. అప్పటి నుంచి ఆవిడ నాకు ఏమవుతారో చెప్పడానికి వరస దొరకలేదు. అమ్మ అనలేను, స్నేహితురాలు అనలేను. టీచర్ గారు, అంతే.

ఆవిడకు ఒక గుణముంది. ఎవరినీ ఏదీ గుచ్చి అడగరు. చెబితే వింటారు, చెప్పకపోతే వాతావరణం గురించి మాట్లాడతారు. ఆవిడ పరిచయమైన కొన్నాళ్లకు నాకు ఐదో నెలలో కడుపు పోయింది. ఇక్కడి మనవాళ్లందరూ ఫోన్ల మీద ఫోన్లు చేసి ఎలా పోయింది, ఏం తిన్నావు, ఎక్కడ తిరిగావు అని ఆరా తీశారు. టీచర్ గారు వారం రోజులు రోజూ పొద్దున్నే వచ్చి, గుమ్మం దగ్గర సూప్ గిన్నె పెట్టి, బెల్ కూడా కొట్టకుండా వెళ్లిపోయారు. ఒక్క ప్రశ్న అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు.

చెప్పాల్సింది ఒకటి ఉండింది. బిడ్డ పోవడానికి నాలుగు రోజుల ముందు సూర్యగ్రహణం. గడప దాటొద్దని అమ్మ ఫోన్‌లో నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. నేను విన్నానా? డాక్టర్ అపాయింట్‌మెంట్ మార్చడం కుదరదని కార్ డ్రైవ్ చేసుకుంటూ వెళ్లాను. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని ఆ డాక్టరే కాగితం మీద బొమ్మ గీసి మరీ వివరించింది. నాకు అర్థమైంది కూడా. అర్థమైనా భయం పోలేదు. ఆ తరువాత మాకు పిల్లలు పుట్టలేదు.

ఇక అసలు సంగతి. ఒక ఆగస్టులో, శనివారం కూరల సంతలో, టమాటాలు ఏరుతూ టీచర్ గారు నాకు తన జబ్బు సంగతి చెప్పారు. క్యాన్సర్. అప్పటికే కాలేయం దాకా పాకింది. "డాక్టర్ క్రిస్మస్ దాకా అంటున్నాడు. మర్యాదస్తుడు, కొంచెం కలిపి చెప్పి ఉంటాడు" అన్నారు. నేను అక్కడే నిలబడి భోరుమన్నాను. ఆవిడ నా చేతిలోని సంచి తీసుకుని, నా టమాటాలు కూడా తనే ఏరి పెట్టారు. తిరిగి వస్తూ ట్రక్కులో అన్నారు.

"నాకు ఒక్కటి కావాలి. ఆ యాత్రికుల పాటలు మన చర్చిలో వినాలి. రికార్డు కాదు. వాళ్లెదురుగా కూర్చుని, పాడేముందు ఊపిరి పీల్చుకోవడం కూడా వినబడేంత దగ్గరగా. కుదిరిస్తావా?"

అన్నేళ్లలో ఆవిడ తన కోసం నన్ను ఏదైనా కావాలని అడగడం అదే మొదటిసారి.

కుదిర్చి తీరతానన్నాను. అనడం తేలికే. ఇలాంటి బృందాన్ని పిలవడమంటే పెళ్లికి మేళం మాట్లాడుకోవడం కాదు. ఏడాది ముందే వాళ్ల పర్యటన అంతా గీసి పెట్టుకుంటారు. శుక్రవారం కాన్సస్ సిటీలో, ఆదివారం డాలస్‌లో కచేరీలుంటే, మధ్యలో మిగిలిన శనివారం దారిలో పడే చిన్న ఊరికి దక్కుతుంది. మాలాంటి వాళ్లం అలాంటి మధ్య రోజు కోసం కాచుకుని కూర్చోవాలి. రెండు నెలల ముందు అడిగితే ఎవరైనా నవ్వుతారు. నేను అడిగాను. ఆ బృందం తేదీలు చూసే ఏజెంట్‌కు ఉత్తరం మీద ఉత్తరం రాశాను. బ్యాంకులో మొండి బాకీలకు కూడా నేనలా వెంటపడలేదు. ఆ ఏజెంట్ టీచర్ గారిని పాతికేళ్లుగా ఎరిగినవాడు కాబట్టి విసుక్కోలేదు. సెప్టెంబర్ మొదటి వారంలో జవాబొచ్చింది. వేరే ఊళ్ల కచేరీలు రద్దయి రెండు రోజులు ఖాళీ పడ్డాయట. అక్టోబర్ రెండో శనివారం, లేదా నవంబర్ మొదటి శనివారం. ఏది కావాలో రెండు రోజుల్లో చెప్పండి. దాని వెనక షరతుల కాగితం: వాయిద్యాలకు గొర్రె పేగుల తీగలు కాబట్టి హాలు పొద్దుటి నుంచే వెచ్చగా ఉంచాలి, పాడేటప్పుడు హీటర్ ఫ్యాన్ ఆపేయాలి, ఐదుగురికి ఎవరి ఇళ్లలోనైనా పడకలు కావాలి, అందులో ఇద్దరు శాకాహారులు.

నేను వంటింట్లో గంతులేశాను. నిజంగానే వేశాను. టీచర్ గారికి ఫోన్ చేయబోతూ, అలవాటు కొద్దీ ఫ్రిజ్ పక్కన వేలాడే గుడి క్యాలెండర్ తిప్పాను. అక్టోబర్ రెండో శనివారం మీద నల్లటి చుక్క. మహాలయ అమావాస్య. దాని కింద సన్నటి అక్షరాల్లో సూర్యగ్రహణం, మాకు కనిపించేదే.

పోయినవాళ్లకు తర్పణాలు వదిలే పక్షంలో ఆఖరి రోజు. ఆ రోజు పూట, గ్రహణం పట్టిన రోజు పూట, చావు దగ్గర పడిన మనిషిని తీసుకెళ్లి నేనే దగ్గరుండి హాల్లో కూర్చోబెట్టాలా? ఒకసారి మొండికేస్తే ఏమైందో చూశాను. మళ్లీనా?

ఆఫీస్ నుంచి వచ్చిన మా ఆయనకు చెప్పాను.

"గ్రహణం పగటీలి. కచేరీ సాయంత్రం. అప్పటికి విడిచిపోతది గద? ఫస్ట్ డేట్ బుక్ చెయ్యి" అన్నారు, బూట్లు విప్పుకుంటూ.

"అమావాస్యండీ. అదీ మహాలయ అమావాస్య."

"ఆమె క్రిస్టియన్. ఆమెకేం అమావాస్య?"

"అమావాస్యకు మతమేమిటి? ఆ రోజు చీకటి ఒక్క మనకేనా, వాళ్లకు ఉండదా?"

ఆయన నవ్వలేదు. "ఆమెకు టైమ్ లేదని నువ్వే ఏడుస్తున్నవ్. మూడు వారాలంటే మాటలా? పోనీ ఆమెనే అడుగు. ఆమె కచేరీ, ఆమె ఇష్టం."

"అడిగితే నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వితే ఏం పోతది?"

నేను ఆయన మీద అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు, మీకు దేని మీదా భయం లేదు, భక్తి లేదు, పోయింది మీ కడుపులోంచి కాదు కదా అన్నట్టు ఏదో అన్నాను. ఆయన లేచి బయటికి వెళ్లి కారు కడుక్కోవడం మొదలుపెట్టారు. నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అక్టోబర్‌లో మా హాలు ఖాళీ లేదని, నవంబర్ ఖాయం చేయమని ఏజెంట్‌కు రాశాను. ఆ తరువాత టీచర్ గారికి ఫోన్ చేసి, వాళ్లు వస్తున్నారని, కాకపోతే నవంబర్ తప్ప వాళ్లకు వేరే తేదీ కుదరదట అని చెప్పాను. ఎదురింటి వాళ్లకు ఉప్పు లేదని చెప్పినంత తేలిగ్గా చెప్పేశాను. నవంబర్ తేదీకి పుష్యమి నక్షత్రం. నాకు ఎంత నిశ్చింతగా అనిపించిందో.

"నవంబరా" అన్నారు ఆవిడ. "సరే హనీ. అప్పటిదాకా ఉంటాలే. ఉండి తీరతాను."

పోస్టర్లు వేశాం. ఆ బృందం పంపిన పాటల అర్థాలను ఆవిడ సోఫాలో పడుకుని చెబుతుంటే నేను టైపు చేశాను. యాత్ర బయలుదేరుతున్నవాడు ఊరికి చెప్పే వీడ్కోలు పాట ఒకటుంది. దానికి ఆవిడ ఐదుసార్లు మాటలు మార్చారు. "తొందరపడకు, ఇంకా టైముంది" అన్నారు. సెప్టెంబర్ అంతా మేమలా హాయిగానే గడిపాం.

అక్టోబర్ రెండో శనివారం వచ్చింది. నేను పొద్దున్నే కర్టెన్లన్నీ లాగేసి, పచ్చడి సీసాల మీద దర్భలు దొరకక తులసాకులు పెట్టి, స్టవ్ ముట్టుకోకుండా కూర్చున్నాను. మా ఆయన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వీధిలోకి వెళ్లారు. మధ్యాహ్నం కావస్తుండగా టీచర్ గారి ఫోన్.

"బయటికి రా! చెట్ల ఆకుల్లోంచి పడే ఎండ చుక్కలన్నీ నెలవంకలైపోయాయి. మా ఇంటి ముందు సిమెంటు నిండా నెలవంకలే, చీపురు పెట్టి ఊడ్చుకోవచ్చు!"

చిన్నపిల్లలా అరుస్తున్నారు. నాకు తలనొప్పిగా ఉందన్నాను.

"అయ్యో, పడుకో మరి. నేను ఇవాళ పొద్దున చర్చిదాకా నడిచి వెళ్లొచ్చాను, తెలుసా? నెల రోజుల తరువాత. అక్కడ ఎవరూ లేరు. కాసేపు కూర్చుని పాడుకున్నాను. గొంతు పలికింది. ఒళ్లు ఎంత తేలిగ్గా ఉందో ఇవాళ. సాయంత్రం ఏం చేయాలో తోచడం లేదు" అన్నారు.

ఆ మాట విన్నప్పుడు ఇప్పటికైనా చెప్పేద్దామా అనిపించింది. చెప్పి ఏం లాభం, తేదీ పోయింది కదా, అనుకుని మానేశాను. గ్రహణం విడిచాక తలస్నానం చేసి, ఇల్లు కడిగి, దేవుడికి దీపం పెట్టాను. గండం గడిచిందని దణ్ణం కూడా పెట్టుకున్నాను. ఛీ, నా బతుకు.

అదే ఆవిడకు ఆఖరి మంచి రోజు. తరువాతి బుధవారానికి కళ్లు పచ్చబడ్డాయి. శుక్రవారం హాస్పిటల్‌లో చేర్చారు. నేను రోజూ వెళ్లేదాన్ని. ఆవిడకు వేరే ఎవరూ లేరు, టల్సాలో ఉండే మేనకోడలు తప్ప. ఒకరోజు కళ్లు తెరిచి "ఎన్ని రోజులుంది?" అన్నారు. పదకొండు రోజులన్నాను. పెదాలు కదిపి లెక్కపెట్టుకున్నారు. ఇక నా వల్ల కాక, ఫోన్‌లో ఆ బృందం రికార్డు వెతికి ఆవిడ చెవి దగ్గర పెట్టాను. రెండు క్షణాలు విని, చెయ్యి ఊపి ఆపేయమన్నారు.

"వద్దు. వాళ్లొచ్చాక."

గురువారం తెల్లవారుతూనే పోయారు. కచేరీకి ఇంకా తొమ్మిది రోజులుంది.

ఆపేయాలనే అనుకున్నాను. మేనకోడలు ఆపొద్దంది. అంత్యక్రియలు అదే చర్చిలో జరిగాయి. నేను చీర కట్టుకుని వెళ్లి, మొదటి ఏడాది వేసినట్టే కుర్చీలు వేశాను. మరుసటి శుక్రవారం సాయంత్రం వ్యాన్ వచ్చింది. ఐదుగురిలో ఇద్దరికి, ఆ బృందం నడిపే ఆవిడకు, హార్ప్ వాయించే అబ్బాయికి, మా ఇంట్లోనే పడక. పులిహోర, పెరుగుపచ్చడి చేశాను. గొర్రె పేగుల తీగలున్న వాయిద్యాలన్నీ దేవుడి గదిలోనే పెట్టుకున్నారు, అక్కడ గాలి ఎక్కువ ఆడదని. మామూలు రోజుల్లో నేనైతే ఇల్లు ఎత్తిపోయేలా గోల చేసేదాన్ని. ఆ రాత్రి నేనే ఆ గది తలుపు జాగ్రత్తగా మూసి వచ్చాను.

శనివారం పొద్దున ఉప్మా తింటూ ఆ బృందం ఆవిడ మామూలుగా అంది. "అక్టోబర్‌లోనే ఇస్తారనుకున్నాం ఈ కచేరీ. హాలు దొరకలేదట కదా. ఆ శనివారం మేము మీ ఊరి మీదుగానే వెళ్లాం. మీ ఊరి నడిబొడ్డున పార్కు ఉంది చూడండి, అక్కడ బల్లల మీద కూర్చుని శాండ్‌విచ్‌లు తిన్నాం, గ్రహణం చూశాం. వాయిద్యాలన్నీ వ్యాన్‌లోనే ఉన్నాయి. సాయంత్రం ఏ పనీ లేక దారిలో ఏదో మోటల్‌లో సినిమా పెట్టుకుని చూశాం."

ఆ పార్కుకు టీచర్ గారి ఇల్లు మూడు వీధుల అవతల. నేను లేచి సింక్ దగ్గరికి వెళ్లి కుళాయి తిప్పాను. ఏడుపు వినబడకూడదని. మా ఆయన నా వెనక వచ్చి నిలబడి, నా చేతిలోంచి గిన్నె తీసుకుని తోమసాగారు.

సాయంత్రం చర్చి నిండిపోయింది. గోడల వెంట కూడా జనం నిలబడ్డారు. ప్రతి కచేరీకీ ముందు టీచర్ గారు రెండు మాటలు చెప్పేవారు. ఆ రోజు నేను చెప్పాలి. కాగితం మీద రాసుకున్నదంతా నిజమే: ఆవిడ ఈ పాటలు ఇక్కడ వినాలని అడిగారు, ఆవిడ కోసమే వీళ్లను పిలిచాం. అది చదివి దిగిపోవాల్సింది. వరసల్లో అందరూ నన్ను ఎంత జాలిగా చూస్తున్నారో చూసి, రాసుకోని మాట ఒకటి నోటి నుంచి వచ్చేసింది. "ఇంకొంచెం ముందు తేదీ కోసం చాలా ప్రయత్నించాం. దొరకలేదు" అన్నాను. చర్చిలో, ఆవిడ శవపేటిక పెట్టిన చోటే నిలబడి అన్నాను. పక్కన వాయిద్యం పట్టుకుని కూర్చున్న బృందం ఆవిడ తలెత్తి చూడకుండా తీగలు సవరించుకుంటోంది. హాలు ఎవరికి ఇచ్చారని ఆవిడ నన్ను అడగలేదు.

పాడారు. పక్కన పిడి తిప్పితే లోపలి చక్రం తీగల మీద తిరిగే పెట్టెలాంటి వాయిద్యమొకటి కింద శ్రుతి పట్టింది. దాని మీద ఒక్క గొంతు లేచింది. నిజంగానే పాటకు ముందు వాళ్ల ఊపిరి వినబడింది. అంత దగ్గరగా కూర్చున్నాను నేను. ఎంత బాగుందో చెప్పడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది. ఎందుకంటే నేను విన్నాను, ఆవిడ వినలేదు. వీడ్కోలు పాట వచ్చేసరికి చుట్టూ అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. నాకు మాత్రం చుక్క నీరు రాలేదు.

కారులో మా ఆయన అన్నారు, "నువ్వు ఆమె మంచికే చేసినవ్. నిన్నెవరు ఏమంటరు?"

"మీరు ఊరుకోండి" అన్నాను. "ఎవరైనా ఏమైనా అంటే బాగుండు."

ఇంకో మూడు వారాలకు, థాంక్స్‌గివింగ్ సెలవుల్లో, మేనకోడలు ఇల్లు ఖాళీ చేస్తూ ఒక అట్టపెట్టె తెచ్చి ఇచ్చింది. "కచేరీల కాగితాలు. ఇక నువ్వే కదా నడిపేది" అంది. నడుపుతానని నేను ఎవరికీ చెప్పలేదు. పెట్టె వంటింటి బల్ల మీద పెట్టుకుని, వచ్చే ఏడాదికి ఆవిడ ఎవరికైనా మాట ఇచ్చారేమో చూద్దామని డైరీ తీశాను. రోజుకో పేజీ. హాలు ఏ రోజు ఎవరికి ఇచ్చిందీ అందులోనే రాసుకునేవారు. అక్టోబర్ రెండో శనివారం పేజీ చూశాను. చూడకుండా ఎలా ఉంటాను? ఖాళీ. వెనక్కి తిప్పాను. సెప్టెంబర్‌లో, నేను ఆవిడకు ఫోన్ చేసిన మర్నాటి పేజీలో, పెన్సిల్‌తో నాలుగు వంకర లైన్లున్నాయి. అక్టోబర్ హాలు అన్న మాటలు కనిపించి అక్కడ ఆగి చదివాను.

ఏజెంట్ పొద్దున్నే ఫోన్ చేశాడు. అక్టోబర్‌లో హాలు నిజంగానే ఖాళీ లేదా అని అడిగాడు. ఖాళీ లేదనే చెప్పాను. ఆ పిల్లకు ఏదో కారణం ఉండి ఉంటుంది, తనే చెబితే వింటాను.

మా ఆయన వచ్చి లైట్ వేసేదాకా అలాగే కూర్చుని ఉన్నానట. ఆయనకు ఆ పేజీ చూపించాను. చదివి, నా పక్కన కూలబడ్డారు.

అది రాసిన రోజుకు అక్టోబర్ తేదీ ఇంకా ఐదు వారాలుంది. వ్యాన్ ఖాళీ, హాలు ఖాళీ, ఆవిడ బతికున్నారు. అంతా తెలిసే ఆవిడ నాతో సోఫాలో పడుకుని పాటలకు అర్థాలు చెప్పారు. అంతా తెలిసే, సాయంత్రం ఏం చేయాలో తోచడం లేదని ఫోన్ చేశారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "ఎందుకలా చెప్పావు హనీ?" అని అడిగి ఉంటే నేను ఒక్క నిమిషం సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ తరువాత అమావాస్య సంగతి, గ్రహణం సంగతి, పోయిన నా బిడ్డ సంగతి అన్నీ ఏడుస్తూ చెప్పేసేదాన్ని. ఆవిడ నవ్వేవారో, నాతోపాటు ఏడ్చేవారో తెలియదు. తేదీ మాత్రం మారేది. ఆ ఒక్క నిమిషం సిగ్గు నాకు కలగనివ్వడం ఇష్టం లేక, ఆవిడ ఆ పాటలు వినకుండానే వెళ్లిపోయారు.